అనబ్ పంపే డబ్బు

మా హర్గేసా బజారులో టమోటాలకి ధర ఉండదు. కొనేవాళ్ళ కాళ్ళకి ఉంటుంది. కూరలమ్మే ఆడవాళ్ళు నేలమీద గోనె పరుచుకుని కూర్చుంటారు కాబట్టి వాళ్ళకి మనిషికంటే ముందు మడమలు కనబడతాయి. రబ్బరు చెప్పులు, పగిలిన మడమలు అయితే కిలో ఎనిమిది వేల షిల్లింగులు. తోలు చెప్పులు, నున్నటి మడమలు అయితే ఒకటిన్నర డాలరు. డాలరుకి పదివేల షిల్లింగులు. అంటే మడమ పగులు విలువ ఏడువేలన్నమాట. దేవుడి దయవల్ల నా రెండు మడమలూ పగిలే ఉన్నాయి.

జూలైలో బయటిదేశాల్లో బళ్ళకి సెలవులిస్తారు. విమానాలు నిండుగా దిగుతాయి. ఆ రెండు నెలలూ ఊరంతా కుర్బజోగులే. పరాయి దేశాల్లో ఉండొచ్చే మా సొమాలీలకి మేము పెట్టుకున్న పేరది. వాళ్ళు దిగగానే మేకమాంసం ధర పైకెక్కుతుంది, పెళ్ళిళ్ళకి హాళ్ళు దొరకవు, నీళ్ళబండి వాడు మా వీధి మొహం చూడడు. ఆగస్టు చివర వాళ్ళు ఎగిరిపోతారు. ధరలు మాత్రం ఇక్కడే ఉండిపోతాయి. వాటికెవరూ తిరుగు టిక్కెట్టు కొనరు.

ఆ ఏడు ఒకమ్మాయి తిరిగిపోవడానికి కాకుండా ఉండిపోవడానికే వచ్చింది. పేరు ఇద్మాన్. స్వీడన్‌లో పుట్టింది, ఇరవై తొమ్మిదేళ్ళు. ఏదో సహాయ సంస్థ ఆఫీసులో పని. ఏం పని తల్లీ అని అడిగితే, "ఇక్కడి కుటుంబాలు బతకడానికి నెలకి ఎంత ఖర్చవుతుందో లెక్క తీస్తాం అత్తా" అంది. ఆ లెక్క తీసినందుకు ఆమెకి నెలకి రెండువేల ఎనిమిది వందల డాలర్లు ఇస్తారు. లెక్కలో ఉన్న కుటుంబాలకి ఏమిస్తారో నేను అడగలేదు. చిన్నపిల్ల, నొచ్చుకుంటుంది.

ఆమె దిగింది మా ఇంట్లోనే. మా ఇల్లంటే కమర్ ఇల్లు. ముందువైపు రెండు గదులకి రంగు వేయించి, కుర్చీలాంటి మరుగుదొడ్డి పెట్టించి, నాలుగు వందల డాలర్లకి ఇద్మాన్‌కి ఇచ్చింది కమర్. పెరట్లో గోడవారగా ఉన్న గది నాది. పదకొండేళ్ళుగా నెలకి రెండున్నర లక్షల షిల్లింగులు ఇస్తున్నాను. ఇద్మాన్ దిగిన వారానికే కమర్ నా గుమ్మం ముందు కూర్చుంది.

"బర్నీ వదినా, కోపం తెచ్చుకోకు" అంది.

కోపం తెచ్చుకోకు అని మొదలైన మాట ఏదీ నాకు ఇంతవరకూ లాభం తేలేదు.

"చెప్పు."

"వచ్చే నెల నుంచి నీ గది డెబ్బై డాలర్లు."

"ఇప్పుడిస్తున్నది పాతిక డాలర్ల లెక్క కదే. దీనికి కిటికీ కూడా లేదు."

"అందుకే డెబ్బై. కిటికీ ఉంటే తొంభై అనేదాన్ని."

"నన్ను పొమ్మంటున్నావా?"

"అయ్యో, ఆ మాట నా నోటెంట వచ్చిందా? ఇద్మాన్ స్నేహితురాలెవరో వంద ఇస్తానంటోంది. నువ్వు కాబట్టి డెబ్బై. నాకు నువ్వంటే ముప్ఫై డాలర్ల ప్రేమ వదినా, ఇంకెవరున్నారు నీకు అంత ప్రేమున్నవాళ్ళు?"

నేను పెళ్ళికూతుళ్ళకి ధూపపు ముద్దలు చేసి అమ్ముతాను. పెళ్ళిళ్ళ నెలలో ఎనభై డాలర్లు మిగిలితే గొప్ప. ఊరి చివర రేకుల గదులు ఇరవైకే దొరుకుతాయి. ఎవరైనా అక్కడికి పోతారు. నేను పోలేను. మా ఊళ్ళో ఇళ్ళకి నంబర్లు లేవు. రెడ్‌క్రాస్ కాగితంలోనూ, రేడియోలో తప్పిపోయినవాళ్ళ కోసం చదివించిన కబురులోనూ, ముగ్గురు నలుగురు ప్రయాణికుల చేత పంపిన చీటీల్లోనూ నేనిచ్చిన గుర్తు ఒక్కటే: నీలం గేటు, కమర్ ఇల్లు, పెరటి గది. కమర్ గేటుకి ఆకుపచ్చ రంగు వేయిస్తానన్నప్పుడు రెండు రోజులు అన్నం మానేశాను. నా చెల్లెలు అనబ్ ఎప్పుడైనా వెతుక్కుంటూ వస్తే ఈ గదికే రావాలి.

అదే సాయంత్రం ఇద్మాన్ బజారు నుంచి ఏడుపుమొహంతో వచ్చింది. సంచిలో ముప్పావుకిలో మేకమాంసం, నాలుగు బొప్పాయి ముక్కలు.

"పద్నాలుగు డాలర్లు తీసుకున్నారత్తా! నేనూ సొమాలీనే కదా? సొమాలీలోనే అడిగాను!"

"ఏమని అడిగావు?"

"మాన్య సోదరా, ఈ మాంసము యొక్క వెల ఎంత అని."

నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఈ పిల్ల భాష రేడియో వార్తల దగ్గర నేర్చుకుంది. మాంసం కొట్టువాడు, మంత్రిగారి భార్య అనుకునుంటాడు.

"నువ్వు కొనిపెడతావా అత్తా? నెలకి యాభై డాలర్లు ఇస్తాను. నాకు ఎలాగూ మిగులుతుంది."

యాభై! పెరిగిన అద్దెకి కావలసింది నలభై అయిదు. మిగిలిన అయిదుకి చక్కెర వస్తుంది. నేను ఒకే ఒక్క షరతు పెట్టాను. కొనేది ఎవరికోసమో బజారులో ఎవరికీ తెలియకూడదు. తెలిసిన రోజున నా మడమలు కూడా నున్నబడిపోతాయి. ఇద్మాన్ నా చేతులు పట్టుకుని ఒట్టేసింది.

మొదటి వారం రాజ్యం నాదే. రెండు కిలోల మాంసం, పాలకి పెద్ద డబ్బా, గుడ్లు, మామిడిపళ్ళు, అన్నీ పగిలిన మడమల ధరకే. ఇంటికి తెచ్చి ఒక్కొక్కటే చెబుతుంటే ఇద్మాన్ ధరలన్నీ నోటుబుక్కులో రాసుకునేది. ఆఫీసు పనికి కూడా పనికొస్తాయంది.

రెండోవారం కూరల సాదో నా సంచి పట్టుకుని వదల్లేదు. సాదో, నేను యుద్ధకాలంలో ఒకే శరణార్థి శిబిరంలో పక్కపక్క డేరాల్లో ఉన్నవాళ్ళం. నా గుట్టు ఆమెకి తెలియనిది లేదు. అందుకే ఆమె కళ్ళంటే భయం.

"ఏంటే బర్నీ, సంచి మోయలేక వంగిపోతున్నావు?"

"కూరలే."

"కూరలకి నెత్తురు కారుతోందా? రెండు కిలోల మాంసం! శుక్రవారం శుక్రవారం పావుకిలో ఎముకలు కొనేదానివి, పావుకిలోలోనూ ఎముక ఎక్కువైందని దెబ్బలాడేదానివి. ఎవరు పంపుతున్నారే?"

"ఎవరూ పంపడం లేదు."

"పంపేవాళ్ళున్న ప్రతి మనిషీ అదే అంటుంది. మా ఆడపడుచుకి కొడుకు లండన్ నుంచి పంపుతాడు, అడిగితే పూటకి గంజి కూడా దొరకట్లేదంటుంది. చెప్పు, ఎవరు?"

ఇద్మాన్ పేరు చెబితే ధర పోతుంది, ధర పోతే జీతం పోతుంది, జీతం పోతే గది పోతుంది. నోరు మూసుకోవడమే క్షేమం అనుకున్నాను. సాదో నా మొహంలోకి చూసి, చూసి, చేతిలో కత్తి పక్కన పెట్టింది.

"అనబా?" అంది మెల్లగా. "అనబ్ దొరికిందా?"

రేడియోలో తప్ప ఆ పేరు ఇంకొకరి నోటెంట విని ఎన్నేళ్ళయిందో. ముప్ఫై ఏళ్ళ కిందట, యుద్ధంలో ఊరిమీద బాంబులు పడుతుంటే పారిపోతున్నాం. దారిలో ఒక లారీ ఆగింది. ఒక్కరికే చోటుందన్నాడు డ్రైవరు. అనబ్‌కి పదిహేడేళ్ళు, కాలికి దెబ్బ తగిలి ఉంది. నేనే ఎక్కించాను. సరిహద్దు దాటాక బావి దగ్గర ఆగు, వచ్చేస్తాను అన్నాను. మూడు రోజులకి నడిచి వెళ్ళాను. బావి ఉంది. అప్పటినుంచీ ఎవరు ఊరికి పోతున్నా గేటు దాకా వెళ్ళి, వాళ్ళు మలుపు తిరిగేదాకా నిలబడతాను. అందరూ నవ్వుతారు. నవ్వనీ.

కాదు అనాలి. నోరు తెరిచాను. కాదనే మాట రాలేదు. సాదో అప్పటికే లేచి నన్ను వాటేసుకుని, పక్కన మిరపకాయలమ్మే ఆమెకి, ఎదుటి ఖర్జూరాల ఆమెకి కేకేసి చెప్పేసింది. ఖర్జూరాలామె ఏడ్చింది. నా చేతిలో గుప్పెడు ఖర్జూరాలు పెట్టింది, ఊరికే.

మర్నాడు సాదో అడిగింది, "అనబ్ ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"పిల్లలా?"

"ముగ్గురు."

"ఆరోగ్యం?"

"మోకాళ్ళ నొప్పులట. చలి కదా అక్కడ."

ఇంటికొచ్చి తలుపు గొళ్ళెం మూడుసార్లు వేసి చూసుకుని, మంచం మీద తెల్లవారేదాకా కూర్చున్నాను. అబద్ధం ఆడినందుకు కాదు. ఆ మోకాళ్ళ నొప్పుల గురించి నిజంగా బెంగ పెట్టుకున్నాను. తర్వాతి వారం సాదో అడక్కముందే చెప్పాను, నొప్పులు కాస్త తగ్గాయని.

సంతోషం పంచుకున్న స్నేహితులు ధర పంచుకోకుండా ఉంటారా? టమోటాలు ఎనిమిది వేల నుంచి పదివేలయ్యాయి, తర్వాత పన్నెండు.

"సాదో, నా మడమలు చూడవే!"

"చూశానమ్మా. అనబ్ డబ్బు పంపిస్తుంటే వాటికి కాస్త నెయ్యి రాసుకోవచ్చుగా, పిసినారిదానా!"

మాంసం కొట్టువాడు ఇప్పుడు నన్ను చూసి లేచి నిలబడుతున్నాడు. లేచి నిలబడినందుకు కిలోకి పదివేలు ఎక్కువ. నాకోసం నేను కొనుక్కునే పావుకిలో ఎముకలు కూడా డాలరు ధరకి చేరాయి. ఇద్మాన్‌కి మిగుల్చుదామని వెళ్ళి, నేను కూడా ఇద్మాన్‌నైపోయాను, ఆమె జీతం ఒక్కటి తప్ప.

ఒకనాడు భయపడుతూనే ఇద్మాన్‌కి చెప్పాను. "తల్లీ, ధరలు పెరిగిపోయాయి. ఇంక నా వల్ల నీకు లాభం లేదు. నన్ను మానిపించినా ఏమనుకోను." అనుకోకుండా ఎలా ఉంటాను, గది పోతుంది. కానీ మాట మర్యాదగా ఉండాలి కదా.

ఆ పిల్ల నన్ను ముద్దు పెట్టుకుంది.

"ఏం మానిపించడం అత్తా! నువ్వు చెప్పిన ధరలే మా రిపోర్టులో పెట్టాను. స్థానిక మహిళ, ఒంటరి, సొంతంగా బజారు చేసేది. నీకంటే నమ్మకమైన లెక్క ఎవరిస్తారు? రెండు నెలల్లో మూడోవంతు పెరిగిందని తేలింది. హెడ్డాఫీసు వాళ్ళు కంగారుపడిపోయారు."

"అయితే ఇక్కడి జనానికి ఏమైనా..."

"మాకు జీవన వ్యయ భత్యం రెండు వందల డాలర్లు పెంచారు. నీకు కూడా అయిదు పెంచుతాను."

ఈ వార్త కమర్ చెవిన పడటానికి ఒక గోడ దాటాలి, ఆ గోడ కూడా సన్నం. ఇద్మాన్ అద్దె నాలుగు వందల యాభై అయింది. నా గది ఎనభై అయింది.

"వదినా, నీకేం లోటు ఇప్పుడు? దేవుడు అనబ్‌ని ఇచ్చాడు" అంది కమర్. "ఇంతకాలం నా పెరట్లో ఉండి నాక్కూడా చెప్పలేదు చూడు. సాదో చెబితే తెలిసింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తెలుసా?" నిజంగానే తిరిగాయి. ఆ నీళ్ళతోనే పది డాలర్లు పెంచింది.

ఇంతలో బంధువుల్లో ఒక లారీ డ్రైవరు నడుము విరిగింది. ఆపరేషనుకి ఇండియా పంపాలి. మాలో ఎవరికి ఆపదొచ్చినా వంశమంతా చందా వేసుకుంటుంది. ఊళ్ళో ఉన్నవాళ్ళు ఇంటికి మూడు డాలర్లు, బయట మనిషి ఉన్న ఇల్లు అంతకి ఎన్నో రెట్లు. జాబితా మా పెద్దమనిషి ఎడంచేతి దువాలె దగ్గర ఉంటుంది. ఒక శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ఆయన మా వాకిట్లోకి వచ్చాడు. కమర్ టీ పెట్టింది. ఇద్మాన్ బయటికొచ్చి పక్కన కూర్చుంది.

"పిల్లా, నువ్వు ఇవ్వక్కర్లేదు" అన్నాడు దువాలె, మా వంశం పిల్లే అయిన ఇద్మాన్‌తో. "మీ అమ్మ స్వీడన్లో మీ ఇంటి మొత్తానికీ కట్టేసింది." తర్వాత నా వైపు తిరిగాడు. "బర్నీ చెల్లెమ్మా, నీ పేరు ఇన్నాళ్ళూ మూడు డాలర్ల పేజీలో ఉంది. పేజీ మార్చాలి."

ఇప్పుడు దాచి లాభం లేదు.

"అన్నా, నాకెవరూ పంపడం లేదు. ఆ మాంసం, ఆ పళ్ళు ఈ ఇద్మాన్‌వి. నేను మోసుకొచ్చేదాన్ని మాత్రమే. కావాలంటే అడుగు."

"నిజమే తాతా," అంది ఇద్మాన్. "ఆ భోజనము యావత్తూ నాదే."

దువాలె టీ గ్లాసు కింద పెట్టి హాయిగా నవ్వాడు. "ఎంత మంచి పిల్లవమ్మా, ముసలామెని కాపాడుతున్నావు! నలభై ఏళ్ళుగా చందాలు వసూలు చేస్తున్నాను. డబ్బొచ్చే ప్రతి ఇంట్లోనూ అది ఎవరిదో వేరేవాళ్ళదే. మా బావమరిది ఇంట్లో మూడు ఫ్రిజ్‌లున్నాయి, మూడూ పక్కింటివాళ్ళవట."

"అన్నా, దేవుడి తోడు..."

"చెల్లెమ్మా, మరి మోకాళ్ళ నొప్పులెవరివి? ముగ్గురు పిల్లలెవరి పిల్లలు? చలి ఎవరికేస్తోంది? బజారంతా చెప్పింది నువ్వే కదా."

మోకాళ్ళ సంగతి ఆయన దాకా వెళ్ళిందంటే ఊళ్ళో వెళ్ళని చోటు లేదు.

కమర్ కల్పించుకుంది. "పోనీ అన్నా, ఒట్టు పెట్టించండి. వల్లాహి అని మూడుసార్లు అందంటే నమ్మేద్దాం. బర్నీ వదిన దొంగ ఒట్టు వేసే మనిషి కాదు. అప్పుడు నేనూ గది పాత అద్దెకే, షిల్లింగుల్లోనే ఇచ్చేస్తాను. నాకూ దేవుడి భయం ఉంది."

"న్యాయంగా ఉంది" అన్నాడు దువాలె. "అను చెల్లెమ్మా. వల్లాహి, నా చెల్లెలు అనబ్ బయటిదేశంలో ఎక్కడా లేదు. మూడుసార్లు. మూడు డాలర్లిచ్చి పడుకో."

అంత సులువు. మూడు మాటలు. పాతిక డాలర్ల గది, మూడు డాలర్ల పేజీ, నీలం గేటు, అన్నీ నావే. ఇద్మాన్ నా మోచేయి తట్టింది, "చెప్పు అత్తా, నిజమే కదా."

"వల్లాహి" అన్నాను.

అక్కడ ఆగిపోయాను.

నాకు డబ్బు పంపడం లేదని ఒట్టేయమంటే వందసార్లు వేస్తాను. ఎక్కడా లేదని ఎలా వేయను? నాకేం తెలుసు? ఆ లారీ ఎక్కడిదాకా పోయిందో తెలుసా? నేను అక్షరాలు నేర్చుకున్నదే శిబిరంలో గోడకి అంటించే పేర్ల జాబితాలు చదవడానికి. నలభై దగ్గర పడ్డాక, చక్కెర పొట్లాల కాగితాలు కూడబలుక్కుని, ఒక్కదాన్నే నేర్చుకున్నాను. ఆ జాబితాల్లో బతికినవాళ్ళ పేజీలు చదివాను, చచ్చినవాళ్ళవీ చదివాను. దేంట్లోనూ అనబ్ లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఏ కాగితమూ చెప్పని మాట, అద్దె తగ్గుతుందని నేను దేవుడి ముందు చెప్పాలా?

"అను" అన్నాడు దువాలె.

"అనలేను అన్నా."

దువాలె తృప్తిగా పెన్ను మూత తీశాడు. కమర్ నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతిలో ఇంత మెత్తదనం ఉందని పదకొండేళ్ళలో నాకు తెలియదు.

"ఇందుకా దాచావు వదినా? మేమేమన్నా లాక్కుంటామా? అద్దె గురించి బెంగపడకు. ఎనభై ఎనభయ్యే. కానీ అనబ్ పంపినప్పుడే ఇద్దువుగాని. రెండు నెలలు ఆలస్యమైనా అడగను. బయటినుంచి వచ్చే డబ్బు అంతే, ఒక్కోసారి బ్యాంకుల్లో చిక్కుకుంటుంది."

పదకొండేళ్ళు నెల మొదటి తేదీన చేతిలో పెట్టాను. ఒక్కరోజు ఆలస్యమైతే గేటు దగ్గరే నిలబెట్టేది. లేని డబ్బుకి మాత్రం గడువిచ్చింది. ఇద్మాన్ నా వైపూ దువాలె వైపూ మార్చి మార్చి చూస్తోంది. ఆమె నోటుబుక్కులో ఈ లెక్కకి గడి ఉన్నట్టు లేదు.

దువాలె ఎడంచేత్తో పేజీ తిప్పాడు. "పేరు చెప్పు. పూర్తిగా."

"అనబ్. అనబ్ షిర్వా ఐనాన్షె."

రాశాడు. నేను మెడ చాచి చదివాను. అక్షరాలు వంకరగా ఉన్నాయి కానీ పేరులో తప్పు లేదు. పైన ఒక పేరు, కింద ఒక పేరు, మధ్యలో అనబ్. అందరూ బతికున్నవాళ్ళే. చచ్చినవాళ్ళని ఎవరూ చందా అడగరు.

"దేశం?" అన్నాడు దువాలె.

"అంటే?"

"ఏ దేశంలో ఉందమ్మా మీ చెల్లెలు? దేశాన్నిబట్టి రేటు. కెనడా, స్వీడన్ అయితే యాభై. ఆస్ట్రేలియా అయితే డెబ్బై, అక్కడ జీతాలెక్కువ." నా మొహం చూసి ఏమనిపించిందో, గొంతు తగ్గించాడు. "కెన్యా అయితే పదిహేనే. కెన్యా రాసేయనా? ఎవరడుగుతారు?"

కెన్యా అంటే శరణార్థుల డేరాలు. నీళ్ళకి క్యూ. డేరాలో దుమ్ములో ఎందుకు పెడతాను దాన్ని, ఇన్నేళ్ళకి దొరికాక?

"స్వీడన్‌లో చలెక్కువా తల్లీ?" అని ఇద్మాన్‌ని అడిగాను.

"చాలా అత్తా. ఆరునెలలు సూర్యుడే సరిగ్గా కనబడడు."

"కెనడా?"

"ఇంకా ఎక్కువ."

"ఆస్ట్రేలియా?"

"అక్కడ మనలాగే. ఎండే."

దువాలె పెన్ను కాగితం మీద ఆనించి ఎదురుచూస్తున్నాడు. డెబ్బై డాలర్లంటే నాకు ఎన్ని ధూపపు ముద్దలో, ఎన్ని రోజులు ఇద్మాన్ సంచి మోయాలో, ఇంక పావుకిలో ఎముకలు కూడా ఎన్ని వారాలు మానుకోవాలో వేళ్ళ మీద లెక్కపెట్టబోయి మానేశాను. అనబ్ మోకాళ్ళకి ఎండ మంచిది.

"ఆస్ట్రేలియా రాయండి అన్నా" అన్నాను.